నలుగురితో నారాయణ, గుంపుతో గోవింద

చాలాకాలానికి మళ్ళీ ఈ బ్లాగు తలుపు తీశాను. మామూలుగా ఏ సమాసం గురించో, ఏ నానార్థం గురించో రాసుకునేవాణ్ణి. ఇవాళ ఒక లాంచీ గురించి రాయవలసివచ్చింది. లాంచీ అనడం కూడా సరికాదు, లాంచీ ఎక్కబోయే మనుషుల గురించి. కోపంలో ఉన్నాను కనుక వాక్యాలు కాస్త కరుకుగా పడితే మన్నించగలరు.

మా కోనసీమలో వేర్వేరు పాఠశాలల్లో పనిచేసి పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులం కొందరం, కుటుంబ సమేతంగా, ఈ కార్తికంలో పాపికొండలు చూసిరావాలని తలపెట్టాం. రాజమహేంద్రవరం మీదుగా గండిపోశమ్మ గుడి రేవుదాకా బస్సు, అక్కడ లాంచీ ఎక్కి పేరంటపల్లి దాకా వెళ్ళి, చీకటిపడే వేళకు వెనక్కి. గోదావరి గాలి పీల్చి గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే గాని, లాంచీ మీద విహారయాత్ర నాకు ఇదే మొదటిసారి. రేవు దాటడం వేరు, విహరించడం వేరు. మా ఆవిడకైతే ఇది పాత కోరిక. 2006లో 'గోదావరి' సినిమా చూసి హాలులోంచి బయటికి వస్తూ, "మనమూ ఎప్పుడైనా వెళదామండీ" అన్నది. ఆ 'ఎప్పుడైనా' రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

నెల రోజులుగా సన్నాహాలు సాగుతున్నాయి. ఆ శ్రద్ధను చూస్తే నాకే ముచ్చట వేసింది. యాత్రకు పెద్ద మా లెక్కల మాష్టారు. మనిషికి రెండు బూరెలు, నాలుగు చేగోడీలు, పులిహోర ఎన్ని కిలోలు, అరటాకులు ఎన్ని కట్టలు, అన్నీ పట్టిక గీసి వాట్సాప్‌లో పెట్టారు. ఉల్లిపాయ తిననివారి పేర్ల పక్కన చుక్క గుర్తు, చక్కెరవ్యాధి ఉన్నవారి పేర్ల పక్కన అడ్డగీత. ఆడవారందరికీ ఒకే రంగు చీరలు. ఆ రంగు తేలడానికి పదకొండు రోజులు పట్టింది. చిలకపచ్చ అని కొందరు, ఆనందం రంగు అని కొందరు. చివరకు వంగపండు రంగు గెలిచింది. అంత్యాక్షరికి రెండు జట్లు ఏర్పడ్డాయి. పైడెక్కు మీద ఎవరెవరు ఏ పాటకు అడుగులు వేయాలో కూడా నిర్ణయమైంది. అరవై దాటినవాళ్ళం ఇంత ఉత్సాహంగా ఉండడం మంచిదే, దాన్ని వెక్కిరించడానికి నేను రాయడం లేదు.

ఈ సన్నాహమంతటిలో ఒక్క ప్రశ్న మాత్రం లేదు. అదేమిటో చెప్పేముందు, నేను అడిగినప్పుడు ఏమైందో చెబుతాను.

పోయిన ఆదివారం మా ఇంటి వసారాలో పదిమంది చేరి కాఫీలు తాగుతుండగా లెక్కల మాష్టారిని అడిగాను. "మాష్టారూ, మనం మాట్లాడుకున్న లాంచీకి ఎంతమందిని ఎక్కించుకునే అనుమతి ఉంది?"

"యాభై అని చెప్పాడండి ఏజెంటు."

"మనం ఎందరం?"

"మొదట నలభై ఆరు. తరువాత మా వియ్యంకులవారు, మన హిందీ మాష్టారి చెల్లెలుగారి కుటుంబం కలిశారు. యాభై మూడు."

"రెండు లాంచీల్లో వెళదామా మరి?"

"రెండు లాంచీలైతే ఇక కలిసి వెళ్ళడమేమిటి గురువుగారూ? ఏజెంటుతో మాట్లాడాను, సర్దుతానన్నాడు. ముగ్గురు ఎక్కువైతే ఏం కొంప మునిగిపోతుందండీ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ మాట నోటినుంచి వచ్చిన సందర్భం అటువంటిది. మన భాషలో మునగడానికి ఎన్ని అర్థాలో చూడండి. కొంప మునుగుతుంది, అప్పుల్లో మునుగుతాం, పనిలో మునుగుతాం, ఆలోచనలో మునుగుతాం, కార్తికంలో మూడు మునకలు వేస్తే పుణ్యమంటాం. ఇన్ని విధాల మునిగే జాతికి, మనుషులతో నిండిన పడవ నీళ్ళలో మునగడమన్న ముఖ్యార్థం మాత్రం తట్టదు. లక్షణార్థం ముఖ్యార్థాన్ని మింగేసింది.

లైఫ్ జాకెట్ల సంగతి, పేర్ల పట్టిక ఒకటి ఒడ్డున ఇచ్చివెళ్ళే సంగతి కూడా ఎత్తాను. అప్పుడు వచ్చింది అసలైన అస్త్రం. మాలో పెద్దావిడ, నేనంటే ఎంతో అభిమానమున్న మనిషి, చేతిలో గ్లాసు కింద పెట్టి, "శుభమా అని బయలుదేరుతూ ఆ మాటలెందుకు తమ్ముడూ? తథాస్తు దేవతలుంటారు" అన్నారు. వెనకనుంచి మరెవరో 'శుభం పలకరా మంకన్నా' సామెతను అందుకున్నారు. సామెత పూర్తిచేయకుండానే మళ్ళీ నవ్వులు. నా ప్రశ్న అక్కడితో సమాప్తం. లెక్కల మాష్టారు బూరెల లెక్కకు వెళ్ళిపోయారు.

ఈ టపా ఆ వసారాలో నేను పూర్తిచేయలేకపోయిన వాక్యం.

ముందుగా తథాస్తు దేవతల సంగతి. అపాయం పేరు పలికితే అపాయం వస్తుందని మనకొక నమ్మకం. పండిత శిక్షణ పొందినవాణ్ణి కనుక శబ్దానికి శక్తి ఉందనే మాటను తేలికగా కొట్టిపారేయను. అయితే శబ్దానికి శక్తి ఉంటే అది రెండువైపులా ఉండాలి కదా. 'లైఫ్ జాకెట్' అన్న మాట పలికితే బోటు మునిగేటట్లయితే, 'క్షేమంగా వెళ్ళి లాభంగా రండి' అన్న మాట పలికిన ప్రతి బోటూ ఒడ్డు చేరాలి. 2019 సెప్టెంబరు 15న గండిపోశమ్మ రేవులో బయలుదేరినవారికి వారి ఇళ్ళలో ఎవరూ క్షేమంగా రమ్మని చెప్పలేదా? ప్రతి గడపలోనూ చెప్పే ఉంటారు.

ఆనాటి సంగతి మనలో తెలియనివారు లేరు. అయినా కొంచెం నెమరువేసుకోవలసిందే, ఎందుకంటే మేము వెళ్ళబోయేది ఆ దారినే. వరద గోదావరి, సుమారు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. దేవీపట్నం దాటాక కచ్చులూరు దగ్గర బోటు తిరగబడింది. అందులో 77 మంది ఉన్నట్టు లెక్క తేలింది. ప్రాణాలతో బయటపడ్డవారు 26 మంది. మొదట వారిని ఒడ్డుకు చేర్చినవారు ఏ శాఖవారూ కాదు, కచ్చులూరు గిరిజనులు, చిన్న చిన్న పడవలతో. బోటును బయటికి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. అన్నిటికంటె నన్ను వెంటాడే విషయం వేరే ఉంది. ఆ బోటులో ఎందరు ఎక్కారో తేలడానికే రోజులు పట్టింది. అరవై అన్నారు, డెబ్భై అన్నారు, డెబ్భై మూడన్నారు. తన మనిషి ఆ బోటులో ఉన్నాడో లేడో తెలియక రాజమహేంద్రవరం ఆసుపత్రి దగ్గర నిలబడిన మనిషిని ఊహించుకోండి. ఒక కాగితం మీద పేర్లు రాసి ఒడ్డున ఇచ్చివెళ్ళడానికి ఎంత సేపు పడుతుంది? మా పట్టికలో ఉల్లిపాయ తిననివారెవరో ఉంది. ఈత రానివారెవరో లేదు. ఆపదలో ఎవరికి ఫోను చేయాలో లేదు.

పోయినవారిని నేను తప్పుపట్టడం లేదు. అటువంటి పాపం మాటవరసకు కూడా చేయను. అంతటి వరదలో బోటును వదిలినవారిది మొదటి తప్పు, ఆపవలసి ఉండీ ఆపనివారిది రెండవ తప్పు. ఆ తరువాత తీరం వెంట కంట్రోల్ రూములు పెట్టారు. 1917 నాటి పాత చట్టం పోయి, 2021లో పార్లమెంటు దేశీయ జలమార్గాల నౌకలకు కొత్త చట్టం చేసింది, సర్వే ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది. మంచిదే. కాని చట్టం రేవులో మన పక్కన నిలబడదు. ఆ రేవులో ఉండేది ఏజెంటు, సరంగు, మనం. (సరంగు పారసీకం నుంచి వచ్చిన మాట. 'సర్' అంటే తల, శిరస్సు. లాంచీకి తలకాయ అతడే. ఆ తలకాయ చెప్పే మాట వినడానికి మనకు చెవులు ఉండాలి.) యాభైకి అనుమతి ఉన్నచోట యాభై మూడు ఎక్కుతామని అడిగింది ఏజెంటు కాదు, మేము. అతడు సర్దుతానన్నాడు. సర్దమన్నది ఎవరు?

ఇది గుంపు గుణం. 'నలుగురితో నారాయణ, గుంపుతో గోవింద' అని పెద్దలు ఎందుకన్నారో గాని, ఆ గోవిందకు వాడుకలో ఇంకో అర్థం కూడా ఉందని మరిచిపోతున్నాం. ఇద్దరే వెళ్ళినప్పుడు మనిషికి తన ప్రాణం తన చేతిలో ఉన్నట్టు ఉంటుంది. లాంచీ పాతగా ఉందే అనుకుంటాడు, జాకెట్ ఏదీ అని అడుగుతాడు. యాభై మందితో వెళ్ళినప్పుడు ఆ పని ఎవరో చేసే ఉంటారనుకుంటాడు. యాభై మందీ అలాగే అనుకుంటారు. ధైర్యం పంచుకుంటే పెరుగుతుందంటారు. బాధ్యత పంచుకుంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. యాభై మూడు వాటాలు వేస్తే ఒక్కొక్కరికి వచ్చేది ఎంగిలి మెతుకంత.

2017 నవంబరు 12 గుర్తుందా? అదీ కార్తికమాసమే, అదీ ఆదివారమే. విజయవాడ దగ్గర కృష్ణలో, పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి కలిసి వచ్చిన వాకర్స్ క్లబ్ వారు, కుటుంబాలతో. పొద్దున్నే లేచి ఆరోగ్యం కోసం నడిచే మనుషులు, అంటే తమ ఒంటి గురించి తమకు శ్రద్ధ ఉన్నవారు. మాలాంటివారే. ఆ పడవకు నడిపే అనుమతే లేదని తరువాత బయటపడింది. ఎక్కేముందు ఒక్కరు అడిగి ఉంటే అని అనడం సులభం. వారిలో ఎవరో అడగబోయి ఉండవచ్చు, పక్కవారు నవ్వి ఉండవచ్చు. ఆదివారం మా వసారాలో కూర్చున్న తరువాత నాకు అలా అనిపిస్తున్నది.

ఇక పైడెక్కు సంగతి. మావాళ్ళ నాట్యప్రదర్శన అక్కడే. భౌతికశాస్త్రం నా విషయం కాదు గాని, నిండు బిందె నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి నడకను, చంకన పెట్టుకున్న మనిషి నడకను చూసినవారెవరికైనా తెలుస్తుంది. బరువు పైకి వెళ్ళినకొద్దీ తూలు ఎక్కువ. కింద కూర్చున్న ముప్పైమంది వేరు, పైన నిలబడి ఒకే తాళానికి ఎగిరే ముప్పైమంది వేరు. అందులోనూ గుంపుకు ఒక అలవాటుంది. ఒకరు 'అటు చూడండి' అంటే అందరూ అటే పరుగెత్తుతారు. కేరళలో తేక్కడి సరస్సులో 2009 సెప్టెంబరు 30న ప్రభుత్వ పర్యాటక సంస్థ బోటే తిరగబడి 45 మంది పోయారు. ఒడ్డున జంతువులు కనబడగానే జనం ఒకవైపుకు చేరడం కూడా ఒక కారణమని అప్పట్లో చెప్పుకున్నారు. పాపికొండల్లో కొండలు దగ్గరికి వచ్చి నది సన్నబడే చోట ఫొటోల కోసం మావాళ్ళు ఎటు పరుగెత్తుతారో నాకు ఇప్పుడే కళ్ళకు కడుతున్నది. వంగపండు రంగు చీరలన్నీ ఒకే కమ్మీ మీద.

"పెద్ద ఓడల్లో వెళ్ళేవారు ఇలా భయపడతారా?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఆయన విశాఖ నుంచి సముద్ర విహారనౌకలో చెన్నై దాకా వెళ్ళివచ్చిన ఘనుడు. అదే నోటితో ఆ ఓడ గురించి ఒక ఫిర్యాదు కూడా చేశాడు. ఎక్కి సామాను పెట్టుకున్నామో లేదో, అందరినీ పిలిచి, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపించేదాకా వదలలేదట. "కాఫీ చల్లారిపోయిందండీ" అన్నాడు. ఆ కాఫీ చల్లారడం వెనక ఒక కథ ఉంది. 2012 జనవరి 13 రాత్రి, ఇటలీలో గిల్యో ద్వీపం దగ్గర కోస్టా కాంకోర్డియా అనే విహారనౌక రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. నాలుగువేల మందికి పైగా ఉన్న ఓడ, 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన కొన్ని వందల మందికి అప్పటికి అటువంటి కసరత్తు ఏదీ జరగలేదు. ఎక్కిన 24 గంటల్లోగా జరిపితే చాలునన్నది అప్పటి నిబంధన. ఆ ప్రమాదం తరువాత అంతర్జాతీయ నిబంధన మార్చి, ఓడ కదలకముందు గాని, కదిలిన వెంటనే గాని జరపవలసిందే అన్నారు. 2015 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. అంత పెద్ద ఓడలవారే 'శుభమా అని బయలుదేరుతూ' ఆ మాటలు మాట్లాడుతున్నారు. తథాస్తు దేవతలకు సముద్రం మీద ప్రవేశం లేదు కాబోలు.

జాకెట్లు ఎలాగూ ఇస్తారు కదా అంటారు. ఇస్తారు. ఇచ్చిన తరువాత మనం ఏం చేస్తామన్నది ప్రశ్న. కచ్చులూరులో బతికి బయటపడ్డవారిలో కొందరు, ఉక్కకు తాళలేక చాలామంది జాకెట్లు విప్పేశారని చెప్పినట్టు పత్రికల్లో చదివాను. ఉక్కపోస్తుంది, నిజమే. చెమట వాసన వేస్తుంది, నిజమే. ఫొటోలో చీర కనబడదు, అదీ నిజమే. మెడలో తగిలించుకుని నడుము పట్టీ కట్టుకోకపోతే నీళ్ళలో అది మనిషిని వదిలి తాను మాత్రం తేలుతుంది. సరిగ్గా కట్టుకున్నామో లేదో తెలుసుకోవాలంటే భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. గడ్డం దాటి ముఖం మీదికి వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. దానిమీద కూర్చునేవారున్నారు, చెక్కబల్ల గట్టిగా ఉందని. అలా నలిగి నలిగి లోపలి స్పాంజి తేలే గుణం పోగొట్టుకుంటుంది. మనకంటె ముందు దానిమీద ఎందరు కూర్చున్నారో! అందుకే చేతికి రాగానే తిప్పి చూసుకోవాలి, చిరిగినదైతే మార్చమని అడగాలి. కూరగాయల బజారులో వంకాయ పుచ్చు ఉందేమోనని ప్రతి కాయా తిప్పి చూసే మనకు ఇది రాని విద్య కాదు.

ఇంతవరకు ఇతరుల మీద ఎగిరాను. ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ విషయం ఇంతవరకు మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1987. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. గోదావరి పాయ ఒడ్డున ఒక ఊరి బడిలో పనిచేస్తున్నాను. కార్తికంలో పిల్లలను ఎదుటి లంకలోకి వనభోజనానికి తీసుకువెళ్ళాం. పిల్లలు నలభై ఒక్కమంది, ఉపాధ్యాయులం ముగ్గురం. నాటుపడవ పాతికమందికి సరిపోతుంది. పడవవాడు చూడగానే, "రెండు తడవలుగా దాటిద్దాం బాబూ" అన్నాడు. మాలో పెద్దాయన, "అవతల వంటవాళ్ళు కాచుకుని ఉన్నారు, పొద్దెక్కిపోతోంది, పిల్లలే కదా, బరువెంత, ఎక్కించెయ్" అన్నారు. పడవవాడు నా వంక చూశాడు. ఎందుకో నా వంకే చూశాడు. బహుశా నేను ఏదో అంటానని. నేను కండువా సర్దుకుంటూ అవతలి ఒడ్డు చూశాను. పెద్దాయన మాటకు ఎదురుచెప్పడం మర్యాద కాదని, మంచి రోజున వాదన దేనికని, అందరూ ఎక్కుతున్నారు కదా అని.

సగం దూరంలో గాలి లేచింది. అంచు మీదినుంచి నీళ్ళు లోపలికి వచ్చాయి. పిల్లలు కేరింతలు కొట్టారు, అది ఆటలో భాగమనుకున్నారు. పడవవాడు మాత్రం ఒక చేత్తో గడ వేస్తూ, ఇంకో చేత్తో రేకు డబ్బా నా కాళ్ళ దగ్గరికి విసిరాడు. ఒక్క మాట లేదు. నేను నీళ్ళు తోడి పోశాను. నా పక్కన అయిదో తరగతి పిల్ల ఒకతె తన చెప్పులు తడుస్తాయని వాటిని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల చేతులు కాళీగా లేవు, దేన్నీ పట్టుకోలేదు అని ఆ క్షణంలో నాకు తట్టింది. అంతే, ఇంకేమీ జరగలేదు. ఒడ్డు చేరాం. ఉసిరిచెట్టు కింద భోజనాలు చేశాం. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో పడవవాడు ఎవరినీ అడగలేదు. సగంమంది ఎక్కగానే తాడు విప్పేశాడు. మిగిలినవారం రెండో తడవకు దాటాం. అరగంట ఆలస్యమైంది. అరగంట!

2007 ఫిబ్రవరి 20న కేరళలోనే తట్టేక్కాడు దగ్గర పెరియార్ నదిలో బడిపిల్లల విహారయాత్ర పడవ మునిగింది. 15 మంది పిల్లలు, 3 మంది టీచర్లు పోయారు. మరునాడు పత్రిక చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. చెప్పులు ఎత్తి పట్టుకున్న ఆ చేతులే కనిపించాయి. మొన్న 2024 జనవరి 18న వడోదర హర్ణీ చెరువులో మళ్ళీ అదే, 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మనకు పోయినవారి సంఖ్య గుర్తుంటుంది. ఆ ఒడ్డున అడగబోయి మానేసిన ఉపాధ్యాయుడెవరైనా ఉంటే అతడు ఏ లెక్కలోకీ రాడు. నేను ఆ లెక్కలోకి రానివాణ్ణే. నదికి దయ కలిగి వదిలేసింది.

అందువల్ల ఈ రోజు నా మీద 'శుభం పలకని మంకన్న' అనే బిరుదు పడినా ఫరవాలేదు. వెళ్ళవద్దని నేను అనడం లేదు. దినదినమూ ఎన్నో లాంచీలు క్షేమంగా వెళ్ళివస్తున్నాయి, ఆ మాటా నిజమే. నాకూ వెళ్ళాలని ఉంది. కొండల మధ్య గోదావరి ఎలా ఒదిగి నడుస్తుందో వర్ణనల్లో చదివి పిల్లలకు పాఠం చెప్పానే గాని కళ్ళారా చూడలేదు. 'రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతాం' అనే వేదాంతం చెప్పేవారికి మాత్రం ఒక్క మనవి. రాసిపెట్టి ఉందని బూరెలు వండకుండా బయలుదేరండి చూద్దాం. అక్కడ మాత్రం పురుషప్రయత్నం, ఇక్కడ మాత్రం విధి!

నిన్న రాత్రి మా గుంపుకు ఒక సందేశం రాశాను. రెండు లాంచీలైనా మాట్లాడాలి, లేదా యాభైకి మించకూడదు. పేర్లు, వయసులు, ఇంటి ఫోను నంబర్ల పట్టిక మూడు ప్రతులు, ఒకటి రేవులో, ఒకటి మాలో రాని ఒకరి ఇంట్లో, ఒకటి మా దగ్గర. రక్తపోటు మాత్రలు ఎవరివి వారు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒంటి మీదే ఉంచుకోవాలి. భోజనాల వేళ కూడా జాకెట్ తీయకూడదు. పాటలు కింద పాడుకోవచ్చు. ఇవి ఒప్పుకోకపోతే మేమిద్దరం రాము.

ఈ ఆఖరి వాక్యం మొదట ఇలా లేదు. 'మా ఆవిడకు మోకాళ్ళ నొప్పుల వల్ల రాలేకపోతున్నాం' అని రాసుకున్నాను. ఎవరి మనసూ నొవ్వకుండా, ఎవరితోనూ వాదం లేకుండా. ఆవిడ నా భుజం మీదుగా చదివి, "నా మోకాళ్ళు బాగానే ఉన్నాయండీ. అవతలి ఒడ్డు చూడకండి" అన్నది. వంగపండు రంగు చీర కొనుక్కుని, జాకెట్టు కుట్టించుకుని, బీరువాలో మడతపెట్టి ఉంచిన మనిషి ఆ మాట అన్నది. వాక్యం కొట్టేసి నిజం రాశాను.

పొద్దున్న లెక్కల మాష్టారు ఫోను చేశారు. కోపంగా లేరు. "గురువుగారూ, మీ మాటా ఆలోచించాను. మీరిద్దరూ తగ్గితే ఇక గొడవేముంది, లెక్క సరిపోతుంది" అన్నారు.

యాభై మూడులో ఇద్దరు పోతే యాభై ఒకటి మాష్టారూ, ఇంకా ఒకరు ఎక్కువే అన్నాను.